కలపకు చక్రాల బండి

వడ్రంగం సరదాగా మొదలుపెట్టిన ఎవరి గదైనా కొన్నాళ్లకు ఒకే తీరుకు వస్తుంది: కలప పెరుగుతుంది, మనిషి నిలబడే చోటు తరుగుతుంది. మా వెనక గదిలో గోడకు ఆనించి ప్లైవుడ్ పలకలు, వాటి ముందు నిలువుగా బద్దలు, బద్దల కాళ్ల దగ్గర అట్టపెట్టెల్లో తుంపులు ఉండేవి. నాకు కావలసిన పలక ఎప్పుడూ అన్నిటికన్నా వెనకే. దాన్ని తీయాలంటే ముందున్న సరంజామా అంతా బయటికి మోయాలి, కోత అయ్యాక మళ్లీ లోపలికి మోయాలి. గోరంత కోతకు కొండంత మోత. చక్రాల మీద కదిలే బండి కట్టుకుంటే గాని ఈ పీడ వదలదని తేలిపోయింది.

నమూనాలు వెతికితే కుప్పలు తెప్పలుగా దొరుకుతాయి. చాలా వరకు 8 అడుగుల పలకను అడ్డంగా నిలబెట్టి, చుట్టూ తిరిగేంత ఖాళీ ఉన్నవారి కోసం గీసినవి. వాటితో నాకు పేచీ లేదు, అవి నా గదిలో పట్టవు, అంతే. ఆ గీతలన్నీ పక్కన పెట్టి, ఉన్న కలపనంతా నేల మీద పరిచి పొడవును బట్టి కుప్పలు చేశాను. బండి కొలతలు గీసేముందు ఎవరైనా చేయాల్సిన పని ఇదేనని నా అభిప్రాయం. మన దగ్గర ఏముందని అడిగితే అందరం ప్లైవుడ్ పలకలు, మంచి బద్దలు అని చెబుతాం. నేల మీద పరిస్తే నిజం వేరుగా కనిపిస్తుంది. నా దగ్గర ఎక్కువగా ఉన్నవి మూరెడు, రెండు మూరల ముక్కలు. ఏ పనిలోనో మిగిలినవి, పారేయడానికి మనసొప్పనివి.

సాయానికి వచ్చిన తమ్ముడు ఒక ముక్కను ఎత్తి అడిగాడు.

"అక్కా, ఇది దేనికి?"

"దేనికో ఒకదానికి పనికొస్తుంది. అక్కడ పెట్టు."

"పోయినసారి గది ఊడ్చినప్పుడూ ఇదే మాట అన్నావు."

ముక్క మీద నా పెన్సిలు గీతే ఉంది, కాదనడానికి లేదు. అప్పటికప్పుడు ఒక నియమం పెట్టుకున్నాను. 30 సెంటీమీటర్లకు తక్కువైన మెత్తకలపకు బండిలో చోటు లేదు. పిడులకూ, చీలలకూ పనికొచ్చే గట్టి కొయ్య ముక్కలకు మాత్రం ఒక చిన్న పెట్టె. అది నిండాక కొత్తది లోపలికి రావాలంటే పాతది ఒకటి బయటికి పోవాలి. ఈ నియమం రుచించని వాళ్లు ఎంత పెద్ద బండి కట్టినా చాలదు.

పొడవుకు పై హద్దు కూడా తేల్చుకోవాలి. 180 సెంటీమీటర్లు దాటిన బద్దలను బండికి ఎక్కించకూడదని నిర్ణయించాను. అడ్డంగా పెడితే రెండు వైపులా పొడుచుకొచ్చి, బండి మలుపు తిరిగినప్పుడల్లా ఏ గోడకో మోకాలికో తగులుతాయి. నిలబెడితే బండి బరువు పైకెక్కుతుంది. వాటికి గోడే మేలు. దాదాపు అర మీటరుకొకటి చొప్పున కమ్మీలు బిగించి వాటిపై పడుకోబెడితే బద్ద కుంగకుండా ఉంటుంది. బండిలో చేతులు చాచిన కమ్మీలు పెట్టి పొడవు బద్దలను మోయించే నమూనాలు చూడటానికి బాగుంటాయి. చుట్టూ ఖాళీ ఉన్నవాళ్లు కట్టుకోవచ్చు.

ఇక మిగిలినవి పొడవును బట్టి మూడు తరగతుల ముక్కలు, సగానికి కోసిన పలకలు. పూర్తి పలక 2440 × 1220 మిల్లీమీటర్లు. నేను దాన్ని ఎప్పుడూ రెండు చతురస్రాలుగా కోయించే తెచ్చుకుంటాను. ఒంటిచేత్తో ఎత్తగలిగేది సగం పలకనే. కాబట్టి బండి పొడవు 1500 సరిపోతుంది. వెడల్పును మాత్రం గది తలుపే నిర్ణయించింది. లోపల కట్టిన బండి ఏదో ఒక రోజు బయటికి పోవాలి కదా, తలుపు సందు కొలిచి 750 దగ్గర ఆపాను.

చక్రాలు తెచ్చుకునే ముందు బరువు లెక్క వేయాలి. ఇక్కడ చాలామంది చూపుతో అంచనా వేసి వదిలేస్తారు. కలప బరువు చూపుకు అందదు. 18 మిల్లీమీటర్ల పూర్తి ప్లైవుడ్ పలక 32 కిలోల దరిదాపుల్లో ఉంటుంది, అదే మందం ఎండీఎఫ్ (కలప నారను జిగురుతో అదిమి చేసిన పలక) అయితే 40 కిలోల దాకా తూగుతుంది. సగం ప్లైవుడ్ పలకలు ఎనిమిది పెడితే 130 కిలోలు. ముక్కల అరలు ఎంత కుక్కినా మధ్యలో గాలి ఉంటుంది గనుక, అరల పరిమాణంలో నలభై శాతమే కలప అనుకుని, ఘనమీటరుకు 600 కిలోల లెక్కన చూస్తే ఇంకో 190 వచ్చాయి. బండి సొంత బరువు 55. మొత్తం 375 కిలోలు.

నాలుగు చక్రాలు కాబట్టి నాలుగుతో భాగిస్తే ఒక్కోదానికి 94 అని సంతోషపడకూడదు. ఏ నేలా సమంగా ఉండదు. గట్టి బండి ఎగుడుదిగుడు నేల మీద ఉన్నప్పుడు బరువంతా మూడు చక్రాల మీదే ఉండి, నాలుగోది ఊరికే వేలాడే క్షణాలు వస్తాయి. మూడుతో భాగిస్తే 125. నేను 150 కిలోలు మోసే రకం తీసుకున్నాను.

బరువు కన్నా ముఖ్యం చక్రం వ్యాసం. రెండు అంగుళాల చక్రాలు ముచ్చటగా ఉంటాయి, బండి ఎత్తూ తగ్గుతుంది. కానీ వర్క్‌షాపు నేల మీద ఎప్పుడూ ఏదో ఒక చెక్కపేడు పడి ఉంటుంది. 8 మిల్లీమీటర్ల ఎత్తున్న ముక్క అడ్డొచ్చిందనుకోండి. దాని మీదికి 50 మిల్లీమీటర్ల చక్రాన్ని ఎక్కించాలంటే ఆ చక్రం మోస్తున్న బరువు కన్నా ఎక్కువ బలంతో తోయాలి. 125 మిల్లీమీటర్ల చక్రానికి ఆ బరువులో సగానికి కాస్త ఎక్కువ చాలు. పైగా చిన్న చక్రం టక్కున ఆగిపోయినప్పుడు మన తోపు ఆగదు, బండి పైభాగం ముందుకు వాలుతుంది. ఎత్తయిన బండ్లు ఎక్కువగా తిరగబడేది ఇలాగే. కాబట్టి 125 కన్నా చిన్నది వద్దు. చక్రం పై పూత పాలీయురేథేన్ అయితే నేల మీద గీతలు పడవు. ఎక్కువ రోజులు కదలకుండా బరువు మోస్తూ నిలబడినా, మెత్తటి రబ్బరు చక్రంలా ఒకవైపు చదును కాదు.

రెండు చక్రాలు స్థిరంగా, రెండు తిరిగేలా పెట్టాలా, నాలుగూ తిరిగేవే పెట్టాలా అనేది గదిని బట్టి ఉంటుంది. దూరం తోసేవారికి మొదటి పద్ధతి నయం, బండి తిన్నగా పోతుంది. ఇరుకు గదిలో మాత్రం బండి పక్కకు జరగాలి, గోడ వెంబడి ఎండ్రకాయలా నడవాలి. అందుకే నాలుగూ తిరిగేవే తెచ్చాను. అయితే వీటితో ఒక మెలిక ఉంది, నమూనాలు గీసేవాళ్లు దీన్ని తరచూ వదిలేస్తారు. తిరిగే చక్రం నేలను తాకే చోటు దాని తిరుగుడు కీలుకు సరిగ్గా కింద ఉండదు, ఈ సైజులో 4 సెంటీమీటర్లు పక్కగా ఉంటుంది. చక్రాలన్నీ లోపలికి తిరిగిన క్షణంలో బండి నిలబడే ఆధారం అటు నాలుగు, ఇటు నాలుగు సెంటీమీటర్లు తగ్గిపోతుంది. పైనుంచి చూస్తే వెడల్పు 750. నిజానికి అది నిలబడింది 57, 58 సెంటీమీటర్ల మీద. కాళ్లకు తగులుతాయని చక్రాలను ఇంకా లోపలికి జరిపి బిగించేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూసుకోవాలి. నేను అంచుకు సమంగా, మూలకు మూలగా బిగించాను. కాలివేలు తగిలితే తగలనీ, బండి పడకూడదు.

బ్రేకుల్లో కూడా రెండు రకాలున్నాయి. ఒకటి చక్రం దొర్లకుండా మాత్రమే ఆపుతుంది, కీలు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. పలకను లాగినప్పుడు బండి ఉన్నచోటే కొద్దికొద్దిగా ఒరుసుకుంటూ తిరుగుతుంది. రెండోది చక్రాన్నీ కీలునూ ఒకేసారి బిగిస్తుంది. డబ్బు ఎక్కడైనా ఆదా చేయండి గాని ఇక్కడ వద్దు.

కట్టడం గురించి చెప్పాల్సింది తక్కువే. అడుగు 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, కింద చుట్టూ నిలువు బద్దల చట్రం, మూలల్లో ఇంకో 18 పలక ముక్క జిగురుతో అంటించి 36 మందం చేశాను. చక్రాలను స్క్రూలతో బిగించవద్దు. చక్రం దేనికైనా తట్టుకున్న ప్రతిసారీ పక్కనుంచి పడే దెబ్బకు స్క్రూ పట్టు కొంచెం కొంచెంగా వదులవుతుంది. 8 మిల్లీమీటర్ల బోల్టును పైనుంచి కిందికి దించి, వాషరు వేసి, వదులుకాని రకం నట్టు బిగించాలి. గుండ్రటి నున్నని తల ఉన్న బోల్టు అయితే పైన జరిపే పలకకు గీసుకోదు. ఈ పనంతా అడుగు ఒక్కటే ఉండగా, దాన్ని బోర్లా వేసి ముగించాలి. పైకట్టు పూర్తయ్యాక బోర్లా వేయడం ఇద్దరి వల్ల కూడా కాదు.

చట్రం మూలమట్టానికి ఉందో లేదో చూడటానికి నేను మూలమట్టం వాడలేదు. 1500 పొడవు బండికి అరచేతి కొలత పనిముట్టు ఏం చెబుతుంది? టేపుతో రెండు మూలగీతలు కొలవాలి. రెండూ 1677 మిల్లీమీటర్లు వస్తే నాలుగు మూలలూ సరిగ్గా ఉన్నట్టే. తేడా వస్తే పొడవుగా ఉన్న మూలగీత రెండు చివరలకూ క్లాంపు వేసి కాస్త నొక్కితే సర్దుకుంటుంది. జిగురు ఆరకముందే సుమా.

ఇక బండికి వెన్నెముక లాంటిది నడుమ నిలిచే గోడ. ముందుగా నాలుగు గుంజలు నిలిపి, పైన కింద అడ్డబద్దలు వేశాను. అప్పుడు పైమూల మీద రెండు వేళ్లు పెట్టి తోస్తే, చట్రం మొత్తం అటు ఒకసారి ఇటు ఒకసారి ఒరిగింది. కీళ్ల దగ్గర కీచుమని చప్పుడు కూడా. ఎన్ని స్క్రూలు వేసినా ఈ ఊగు పోదు. నాలుగు బద్దల చతురస్రానికి తన ఆకారం తాను నిలుపుకునే గుణం లేదు. ఆ చట్రానికి 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌ను జిగురుతో, జానెడుకొక స్క్రూతో తాపడం చేశాను. జిగురు ఆరాక అదే మూల మీద అవే రెండు వేళ్లు పెట్టి తోశాను. చట్రం ఊగలేదు, మొత్తం బండే చక్రాల మీద జరిగింది. 12 సరిపోతుందా, 18 వేయాలా అని అడిగేవారికి నా సమాధానం ఇదే. ఇక్కడ బలం మందంలో లేదు, పలక నాలుగు అంచులా చట్రాన్ని పట్టుకోవడంలో ఉంది. 18 వేస్తే బండి బరువు ఊరికే పెరుగుతుంది.

ప్లైవుడ్ అంచులోకి నేరుగా స్క్రూ దించితే పొరలు విడిపోతాయి, పట్టూ ఉండదు. అందుకే రెండు పలకలు కలిసే ప్రతి మూలలో ఒక 40 × 40 బద్ద పెట్టి, రెండు పలకలనూ దానికి బిగించాను. ముందు సన్నని రంధ్రం చేసుకోవడం తప్పనిసరి.

నడిమి గోడకు ఒక పక్క పలకల అర. గోడను నిట్టనిలువుగా నిలిపితే పలకలు కదిలినప్పుడు ముందుకు పడతాయి, ఎక్కువ వాల్చితే అడుగున చోటు తినేస్తాయి. ఆ పక్కన వెనుక ఆనుకోవడానికి 5 డిగ్రీల వాలులో ఇంకో పలక బిగించాను. 122 సెంటీమీటర్ల ఎత్తుకు 10.7 సెంటీమీటర్ల వాలు అన్నమాట. పలక తన బరువుతో తానే వెనక్కి ఆనుకుంటుంది. వాలిన పలక నెలల తరబడి ఉంటే వంగుతుందన్న మాట నిజమే, 6 మిల్లీమీటర్ల పల్చటి పలకలైతే మరీను. దానికి విరుగుడు, పల్చటివాటిని అన్నిటికన్నా వెనక, ఆ వాలు పలకకు పూర్తిగా ఆనించి, ముందు 18 మందం పలకలతో అదిమి ఉంచడం. పల్చటిది కావలసినప్పుడు ముందున్నవాటిని పుస్తకం పేజీల్లా ముందుకు వంచి, దాన్ని పక్కనుంచి లాగుకోవాలి. అందుకే ఈ అరకు రెండు చివరలా గోడ పెట్టలేదు. బండి కదిలేటప్పుడు పలకలు జారిపోకుండా అడుగున ఒక చిన్న అడ్డు మాత్రం ఉంది, చేత్తో ఎత్తితే ఊడివస్తుంది. పలకల కింద రెండు నున్నని బద్దలు పొడవునా వేశాను. అంచులు వాటి మీద జారతాయి, రంపపు పొట్టు మధ్య సందులో పడిపోతుంది.

ఇంకో పక్క ముక్కల అరలు, మెట్లు మెట్లుగా. గోడకు ఆనుకుని ఎత్తయినది, 1.2 నుంచి 1.8 మీటర్ల ముక్కలకు. దాని ముందు మధ్య రకం. అన్నిటికన్నా ముందు పొట్టిది, 30 నుంచి 60 సెంటీమీటర్ల ముక్కలకు. పొట్టివి ముందుంటే అన్నీ కంటికి కనిపిస్తాయని అందరూ చెబుతారు. అంతకన్నా పెద్ద కారణం, బరువైన పొడవు ముక్కలు బండి నడుముకు దగ్గరగా ఉండటం. పలకలన్నీ వాడేసి, ముక్కలు మాత్రం నిండుగా ఉన్న రోజున బరువంతా ఒక పక్కకే చేరుతుంది. ఆ రోజు కూడా బండి నిలబడాలంటే బరువైనవి మధ్యకు దగ్గరగా, తేలికైనవి అంచున ఉండాలి.

ఒక్కో అరను పొడవునా మళ్లీ గళ్లుగా విడదీశాను, 25 నుంచి 30 సెంటీమీటర్లకొకటి. గడి వెడల్పు ఎక్కువైతే సగం ఖాళీగా ఉన్నప్పుడు ముక్కలు ఒకదాని మీద ఒకటి వాలి, కింద చిక్కుపడిపోతాయి. జాతిని బట్టి సర్దాలా, పొడవును బట్టి సర్దాలా అన్నదానిలో నాది పొడవు పక్షం. చేయి ముందు వెతికేది సరిపడా పొడవు ఉన్న ముక్కనే. జాతి పేరును పై కొన మీద పెన్సిలుతో రాస్తాను. ఆరని కలపకు మాత్రం ఈ అరల్లో చోటు లేదు. తేమ నారవాటంగా, అంటే కొనల నుంచి, పక్కల కన్నా చాలా వేగంగా పోతుంది. పచ్చి ముక్కను నిలబెడితే పై కొన నెర్రెలిస్తుంది. పచ్చివి పడుకోబెట్టి మధ్య మధ్య సన్న బద్దలు వేసి ఆరబెట్టుకోవాలి, ఆరాకే బండెక్కాలి.

అరల అడుగున గోడకు, అడుగు పలకకు మధ్య 25 మిల్లీమీటర్ల సందు వదలడం చిన్న విషయంలా అనిపిస్తుంది గాని, రోజువారీ వాడకంలో నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. లోతైన పెట్టెల అడుగున పొట్టు చేరుతుంది, దాని కింద తేమ, తేమలో పురుగు. చేయి దూరదు, చీపురు దూరదు. ఈ సందులోంచి సన్నని కర్రతో తోస్తే పొట్టు, పెన్సిలు ముక్కలు, ఎప్పుడో పోయిందనుకున్న డ్రిల్లు బిట్టు, అన్నీ నేల మీదికి వస్తాయి.

చక్రాల వల్ల ఇంకో లాభం ఉంది. బండి అడుగు నేలకు 16 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది, కింద గాలి ఆడుతుంది, నేల తేమ కలపను అంటదు. నేలలోంచి వచ్చే చెదపురుగులు మట్టి గొట్టాలు కట్టుకుంటూ గాని పైకి రావు. గోడకు ఆనించిన కట్టలో ఆ గొట్టాలు కనిపించేసరికే సగం కలప గుల్లవుతుంది. బండి అయితే ఊడ్చినప్పుడల్లా జరుగుతుంది, చక్రం మీద మట్టి కనిపిస్తే వెంటనే తెలుస్తుంది.

పై పూత వేయలేదు. అరల పైఅంచుల పదును మాత్రం గరుకు కాగితంతో గుండ్రంగా చేశాను, చేయి రోజూ తగిలేది అక్కడే. అడుగు పలక కోసిన అంచులకు రెండు పూతలు వార్నిషు పట్టించాను, ప్లైవుడ్ తేమ తాగేది అంచుల నుంచే కాబట్టి. పిడి రెండు పొట్టి చివరలకే పెట్టాను, నడుము ఎత్తులో. పొడవు పక్కన పిడి ఉంటే ఎవరో ఒకరు అక్కడ పట్టుకుని తోస్తారు. బండి తిరగబడేందుకు వీలున్నది అటువైపే.

నింపేటప్పుడు ముందు పలకలు, ఆ తర్వాత పొడవు ముక్కలు, చివరికి పొట్టివి పెట్టండి. ఒక పక్క పూర్తిగా నింపి ఇంకో పక్కకు వెళ్లకండి, బ్రేకులు వేసి రెండు పక్కలా కొంచెం కొంచెంగా నింపండి. నెల తర్వాత ఒకసారి బోల్టులన్నీ స్పానరుతో చూడండి. కలప నట్టు కింద కొద్దిగా నలుగుతుంది, ఒక్కోదానికి పావు చుట్టు బిగింపు దొరుకుతుంది.